ముంగట ఏమున్నది, ఎన్క ఏమున్నది

మా ఆయన వెంకట్రాజం చాయ పోస్తే కెటిల్ మూతిని గ్లాసు అంచుకు ఆనించి పోసేటోడు. నీళ్లైనా అంతే. చెంబును గ్లాసుకు తాకించినంకనే వంచేటోడు. పెండ్లైన కొత్తల అది చూసి, ఈయన ఎంత పద్ధతి మనిషో, చుక్క కింద పడనియ్యడు అని మురిసిన. తర్వాత ఒకనాడు అంగీకి గుండీ కుట్టుకుంటనని సూది దారం పట్టుకొని కూసున్నడు. దారం సూదికి ఇవతల ఆడుతాంది, అవతల ఆడుతాంది, బెజ్జంల మాత్రం పడుతలేదు. నేను నవ్విన. ఆయన నవ్వలే. సూది నా చేతిల పెట్టి, "చిలుకా, నాకు ఎడమ కన్ను కనపడదు. మా అమ్మకు తప్ప ఎవ్వలకు తెల్వదు. ఇగ నీకు తెలిసింది" అన్నడు.

చిన్నప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌ల చిర్రగోనె ఆడుతుంటే కొట్టిన కట్టెముక్క, చిర్ర, ఎగిరొచ్చి కంట్లె తగిలిందట. వాపు తగ్గింది, ఎరుపు తగ్గింది, చూపు మాత్రం మళ్ల రాలే. ఒక్క కంటికి ఏది ఎంత దూరమో అందదట, అందుకే గ్లాసుకు ఆనించుడు. పైకి చూస్తే రెండు కండ్లు ఒక్కతీర్గనే ఉంటయి. దగ్గర కూసొని చూసినా పోల్చలేం.

దాచుడెందుకు అనుకుంటరేమో. ఆయన చేసేది పెండ్లి ఫోటోల పని. మా దిక్కు లగ్గానికి బయలుదేరితే ఒంటికన్ను మనిషి ఎదురొచ్చిండని కాళ్లు కడుక్కొని, కాసేపు కూసొని, మళ్ల లేస్తరు. అసొంటిది పెండ్లిపిల్లకు ఎదురుంగ నిలబడి ఆమె మొఖం దిక్కే చూసేటోనికి ఒక్క కన్నే అని తెలిస్తే పందిట్లకు రానిస్తరా?

"మరి ఫోటోలు ఎట్ల తీస్తవయ్యా?" అని అడిగిన ఆనాడు.

"ఫోటో తీసేటోళ్లందరు ఒక కన్ను మూసుకుంటరు. నాకు ఆ తక్లీఫ్ గూడ లేదు" అన్నడు. అప్పుడు నవ్విండు.

హన్మకొండ చౌరస్తా నుంచి లోపలికొచ్చే సందుల మా ఇల్లు. ముంగట స్టూడియో, ఎన్క ఇల్లు, నడుమ వడ్లు పోసుకునే అర్ర ఉండె. దాని కిటికీకి నల్లబట్ట కొట్టి, ఎర్ర కరెంటు బుగ్గ పెట్టి ఫోటోలు కడిగే అర్ర చేసిండు. కడిగిన ఫోటోలను నీళ్లల్ల జాడిచ్చుడు, దండేనికి తగిలిచ్చుడు, ఆరినంక అంచులు కత్తిరిచ్చుడు నా పని. నాకు చదువు నాలుగో తరగతితోటే ఆగింది గానీ ఫోటోల మొఖాలు చూసి చూసి మనుషులను చదువుడు వచ్చింది.

తొర్రూరు దిక్కు నుంచి ముసలోళ్లు పెన్షన్ ఫోటో కోసం బస్సు దిగి దుమ్ము కొట్టుకొని వచ్చేటోళ్లు. మా ఆయన ముందు తువ్వాల, నీళ్లు ఇచ్చేటోడు. తనే తల దువ్వేటోడు. "తాతా, జర గడ్డం ఎత్తు. నీ మీద కేసేం లేదు" అనేటోడు. ఆ ముసలాయన నవ్వేలోపల ఫోటో అయిపోయేది. పెన్షన్ ఆఫీసుల అన్ని ఫోటోలు ఏడుపు మొఖాలే ఉంటె మా స్టూడియోల దిగినయి మాత్రం నవ్వుతాంటయని ఎవరో అన్నరట. ఆ మాట చెప్పుకుంట ఎంత సంబురపడ్డడో.

డెబ్బై ఎనిమిదో ఏడనుకుంట, ఎండలు ముదరకముందు, వరంగల్ బజార్ల బట్టల దుకాణం పాండురంగం సేటు మా స్టూడియోకు వచ్చిండు. చంకల ఒక తోలు పెట్టె. మూత తీసి బల్ల మీద పెడితే నేను తలుపు చాటు నుంచి చూసిన. నల్లటి కెమెరా, ఇటుక పెళ్లంత పొడుగు. ముంగట అడ్డంగ మూడు అద్దాలు.

"చూస్తాన గదా రాజం, నీ మొఖం ఎట్ల వెలిగిందో" అన్నడు సేటు. "మా బొంబాయి బావమర్ది కొన్నడు. నడిమి అద్దం మనం చూసుకునేటందుకు. అటొకటి ఇటొకటి ఉన్నయి చూడు, అవి ఒక్క దెబ్బకే రెండు ఫోటోలు తీస్తయట. ఆ రెండిటిని పక్కపక్కన అంటించి ఈ డబ్బల పెట్టి చూస్తే మనిషి కాయిదంల నుంచి లేచి నిలబడతడట."

డబ్బకు రెండు కండ్లు పెట్టుకునేటట్టు రెండు బొక్కలు, వాటికి అద్దాలు.

"మంచిగనే ఉన్నట్టున్నది సేటు" అన్నడు మా ఆయన.

"ఉన్నట్టుంటే నడువదు. మా బిడ్డ నిర్మల లగ్గం దగ్గరికొచ్చింది. నువ్వు ఒక ఫిలిం రోలు తీసి, చూసి, ఇది పనికొస్తదో రాదో చెప్పాలె. పనికొస్తదంటే లగ్గం మొత్తం దీంతోటి నువ్వే తియ్యాలె. లేకపోతే హైదరాబాదు నుంచి మనిషిని పిలుస్త అంటాండు మా బావమర్ది."

పాండురంగం సేటు ఇంట్ల లగ్గం చేతిలపడితే బజార్ల సేట్లందరు మనల్నే పిలుస్తరు. అది నాకు గూడ తెలుసు. సేటు పోయినంక నేను చాటు నుంచి వచ్చి, "ఏమయ్యా, రెండు కండ్లతోటి చూడాల్సినదాన్ని ఎట్ల చూసి చెప్తవు? చెయ్యనంటే ఎందుకంటరు. చేస్తనంటే ఎట్ల?" అన్న.

డబ్బను నా చేతిల పెట్టిండు. "నాకు నువ్వున్నవు గదా. ముంగట ఏమున్నదో, ఎన్క ఏమున్నదో చెప్పు. మిగతాది నేను చూసుకుంట."

ఇగ ఆ రోజుల్ల అన్నం మీద గూడ ధ్యాస లేదు ఆయనకు. కెమెరా ఎన్క మూత తీసి, నూనె కాయిదం అడ్డం పెట్టి, మీట నొక్కి, రెండు అద్దాలు ఒక్కసారే కన్ను తెరుస్తానయా లేదా అని చూసిండు. చెవి దగ్గర పెట్టుకొని చప్పుడు విన్నడు. "రెండు చప్పుళ్లు ఇనపడితే ఖరాబు. ఒక్కటే ఇనపడుతాంది" అన్నడు. ఎండల పట్టుకొని సందులేమన్న ఉన్నయా అని వెతికిండు. లోపల గోడలు మెరుస్తానయట. మెరిస్తే వెలుగు అటిటు తగిలి ఫోటో తెల్లబారుతదట. నల్ల మఖ్మల్ ముక్క కావాలన్నడు. నేను వంటింట్లకెల్లి వచ్చేసరికి నా రైక ఒకటి కత్తెర కింద ఉన్నది.

"అయ్యో, నా పెండ్లి రైకనే దొరికిందా నీకు?"

"పొట్టిగయిందని నువ్వే అన్నవు గదనే."

"పొట్టిగయింది రైక కాదు, నేను లావైన. అది నువ్వనద్దు, నేనే అనాలె."

ఆ మఖ్మల్ ముక్కలను జిగురుతోటి లోపల అంటించి, ఆరినంక ఫిలిం రోలు ఎక్కిచ్చిండు. వాకిట్ల ముంగట బిందె పెట్టి, నడుమ నన్ను నిలబెట్టి, ఎన్క గోడ వచ్చేటట్టు ఒకటి తీసిండు. దండెం మీది బట్టలు, రుబ్బురోలు, సందు చివర దాకా కనపడే వాకిలి, ఇట్ల ఫిలిం అయిపోయిందాక తీసిండు. కడిగి, ఫిలిం మీద ఎట్లున్నయో అట్లనే జతలు జతలుగ కాయిదం మీదికి దించిండు. ఆరినంక అట్టకు అంటించి, డబ్బల పెట్టి నాకిచ్చిండు.

కండ్లు పెట్టిన. ముందు రెండు బొమ్మలు కనపడ్డయి. జరసేపటికి అవి ఒకదాని మీదికి ఒకటి వచ్చి ఒక్కటైనయి. అయితే తలకాయ తిరిగినట్టయింది.

"చెప్పు. ముంగట ఏమున్నది?"

"గోడ."

"గోడనా? బిందె గదా ఉండాల్సింది?"

"బిందె ఎన్కకు పోయింది. గోడకు బొక్క పడ్డట్టు అండ్ల ఉన్నది. నేను గూడ గోడల కూరుకపోయిన. నాకు భయమైతాంది, తియ్యి."

మిగతా అట్టలు గూడ చూసిన. అన్నీ అంతే. దండెం మీది చీర ఆకాశం ఎన్కకు పోయింది. రుబ్బురోలు గుంత లెక్క ఉన్నది. ఆయన డబ్బ తీసుకొని తను చూసిండు. ఆయనకేముంటది, ఒక్క కంటికి ఒక్క బొమ్మ. మామూలు ఫోటో.

"అద్దాలు వంకర పెట్టినట్టున్నరు" అన్నడు. మెల్లగ కెమెరాను తోలుపెట్టెల పెట్టిండు. "పనికిరాదని చెప్తా. హైదరాబాదు ఆయననే పిలుచుకుంటరు." చాయ పోసుకున్నడు. గ్లాసు అంచుకు ఆనించుడు మరిచిండు. చాయ బల్ల మీద పారింది. ఆయన మనసు ఎంత పాడైందో నాకు అప్పుడు తెలిసింది.

తెల్లారి, ఎందుకు పనికిరాదో సేటుకు చూపెట్టుటానికి ఆ ఫోటోలనే కొత్త అట్టలకు మంచిగ అంటించుమన్నడు. నడుమ నల్లగీత పెద్దగ వచ్చింది, అది కత్తిరిచ్చి దగ్గర దగ్గర పెట్టాలె. కుడి ఫోటో కుడి దిక్కే, ఎడమది ఎడమ దిక్కే అని మరీ మరీ చెప్పిండు. నేను చాటల అన్ని ముక్కలు పెట్టుకొని కత్తిరిస్తాన. ఇంతల పొయ్యి మీద పాలు పొంగినయి. ఉరికి దించి వచ్చేసరికి చేతిల ఉన్న బిందె ఫోటో ముక్కలు రెండు చాటల పడ్డయి. ఏది కుడిదో ఏది ఎడమదో తెల్వలే. రెండూ ఒక్కతీర్గనే ఉన్నయి గదా, ఏమైతదని అంటించిన. సరిగ్గ కుదిరిందా అని డబ్బల పెట్టి చూసిన.

"అబ్బో!" అని అరిచిన.

ఆయన స్టూడియోల నుంచి ఉరికొచ్చిండు. "ఏమైందే? పాలు మీద పడ్డయా?"

"బిందె! బిందె ముంగటికొచ్చింది. పట్టుకోవచ్చు. దాని ఎన్క నేను. నా ఎన్క గోడ. నేను బొమ్మ లెక్క లేను, మనిషి లెక్క ఉన్న!"

ఆయన డబ్బ లాక్కొని చూసిండు. తిప్పి చూసిండు. "నిన్నటి ఫోటోనే గదా ఇది?"

"నిన్నటిదే. అటుదిటు, ఇటుదటు అంటించినట్టున్న."

నా మొఖం దిక్కు చూసిండు, అబద్ధం ఆడుతానేమోనన్నట్టు. ఇంకో జత తీసి నా చేతికిచ్చి, "ఇది గూడ అట్లనే అంటించు" అన్నడు. అంటించిన. రుబ్బురోలు లేచింది. ఇంకోటి. చీర గాలికి ఊగుతాందా అన్నట్టు తాడుకు ఏలాడుతాంది. ప్రతి దానికి ఆయన అదే అడుగుడు, ముంగట ఏమున్నది, ఎన్క ఏమున్నది అని. నేను చెప్పుడు. చెప్తుంటే ఆయన మొఖం మీదికి నిమ్మలంగ వెలుగు వచ్చింది.

"కెమెరా తప్పు కాదు చిలుకా. అద్దం దాటినంక బొమ్మ తలకిందులు పడుతది. కాయిదం మీద మనం దాన్ని నిలబెట్టినప్పుడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి పోతది. కత్తిరిచ్చి మార్చాలె. రెండు కండ్లోనికి చూడంగనే తెలిసేది. నాకు తెల్వలే" అన్నడు. ఆ ఆఖరి మాట బాధతోటి అనలే. పాలు తాగుకుంట, వాన పడుతాంది అన్నంత మామూలుగ అన్నడు.

ఇగ పాండురంగం సేటు ఇంటికి పోవాలె. దానికి ఆయన పరీక్షకు పోయే పిల్లగాని లెక్క తయారైండు. బిందె అట్టల ముంగట బిందె, నడుమ చిలుక, ఎన్క గోడ. వాకిలి అట్టల ముంగట గడప, ఎన్క సైకిలు, దూరంగ వేపచెట్టు. అన్నీ నోటికి నేర్చుకున్నడు. "సేటు భార్య సరస్వతమ్మకు నువ్వు గూడ వస్తే సంబురం" అని నన్ను వెంట తీసుకపోయిండు గానీ ఎందుకో మా ఇద్దరికి తెలుసు.

సేటు ఇంట్ల నడిమి అర్రల అందరు కూసున్నరు. సేటు చూసిండు, "ఒరె, లేచింది రా!" అని అరిచిండు. సరస్వతమ్మ చూసి గాల్ల చెయ్యిపెట్టి బిందె పట్టుకోబోయింది. అందరు నవ్విన్రు. "ఎట్లున్నది రాజం, పనికొస్తదా?" అని సేటు అడిగితే, మా ఆయన డబ్బ కండ్లకు పెట్టుకొని, "ముంగట బిందె నిలబడ్డది, ఎన్క గోడ దూరం పోయింది. ఫస్టు క్లాసు సేటు" అన్నడు. ఒక్క తప్పు లేకుంట చెప్పిండు. నా ప్రాణం కుదుటపడ్డది.

అప్పుడు సేటు వాళ్ల అమ్మ ఆండాళమ్మ, మంచం మీదికెల్లి, "నాకు గూడ ఇయ్యిన్రి రా" అన్నది. ఆమెకు డబ్బ ఇచ్చిన్రు. శానా సేపు చూసింది.

"ఏం లేస్తలేదు. మామూలు ఫోటోనే. రాజం పెండ్లాం నిలబడ్డది, అంతే."

"సరిగ్గ చూడే అమ్మా."

"సరిగ్గనే చూస్తాన. లేస్తలేదంటే లేస్తలేదు."

"అత్తమ్మకు ఏది చూపెట్టినా అంతే" అని సరస్వతమ్మ నవ్వింది. "రేడియో పెడితే ఇనపడదంటది, కూరల ఉప్పేస్తే ఎయ్యలేదంటది. వయసు మీదపడ్డది."

అందరు నవ్వుతాన్రు. ముసలామె డబ్బను ఒళ్లె పెట్టుకొని, అటిటు చూసుకుంట, "నాకు బుద్ధి తక్కువైందా ఏంది" అని తనలో తను అనుకున్నది. ఆమె ఎడమ కంట్లె తెల్లటి పువ్వు ఉన్నది. నేను చూసిన. మా ఆయన గూడ చూసిండు. నేను ఆయన అంగీ కొస పట్టుకొని గుంజిన. వద్దు అని. ఆయన నా చెయ్యి మెల్లగ ఇడిపించిండు.

"అవ్వ చెప్పేది నిజమే సేటు" అన్నడు. "ఆమె కంట్లె పువ్వున్నది. ఒక్క కంటితోటి చూస్తే ఇది లేవదు. మామూలు ఫోటోనే ఉంటది. నాకు గూడ అట్లనే ఉంటది. నాకు ఎడమ కన్ను చిన్నప్పటి సంది కనపడదు. మీకు చెప్పిందంతా మా ఇంటామె చూసి చెప్పింది. కెమెరా మాత్రం మంచిదే. అండ్ల అబద్ధం లేదు."

నవ్వులు ఆగినయి. సరస్వతమ్మ నిర్మల దిక్కు చూసింది, మా ఆయన దిక్కు చూసింది. "లగ్గం ఇంట్లనా?" అన్నది.

ముసలామెనే మాట్లాడింది. "మరి నన్నేడ కూసోబెడ్తవు సరస్వతీ? వంటింట్లనా, పశువుల కొట్టంలనా?"

"నీ సంగతి వేరత్తమ్మా."

"నా కన్ను బంగారందా? ఇన్నొద్దులు నన్ను ఎదురుంగ పెట్టుకొనే తిరుగుతాన్రు గదా."

మా ఆయన మధ్యల అందుకున్నడు. "అవ్వా, వాళ్లది బిడ్డ లగ్గం. భయముంటది. సేటు, జీలకర్ర బెల్లం పెట్టే గడియకు మా చిలుక ఎదురుంగ నిలబడి నొక్కుతది. నేను అవతల ఉంట. మిగతా అంతా నేను తీస్త. మీకు సమ్మతమైతేనే."

సేటు తల ఊపిండు. నేను ఫోటోలు కడిగిన గానీ జల్మల ఒక్కటి తియ్యలే.

ఇంటికొచ్చినంక, "ఎందుకు చెప్పినవయ్యా? గట్టెక్కినంక ఎందుకు?" అని ఏడ్చిన.

"ఆమెకు పిచ్చి అంటాన్రు చిలుకా. నేను చూసేదే ఆమె చూస్తాంది. నేను నోరు మూసుకొని ఎట్ల నిలబడాలె?"

ఆ మూడద్దాల కెమెరా నా చేతికిచ్చి, నేర్పుటానికి తనే వాకిట్ల గోడకు ముంగట నిలబడ్డడు. ఎప్పుడు ఎన్క నిలబడే మనిషి, చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వక లుంగీ సర్దుకున్నడు. "గడ్డం ఎత్తు. నీ మీద కేసేం లేదు" అన్న. ఫక్కున నవ్విండు. నొక్కిన.

లగ్గం పొద్దటి పూట. పందిట్ల నేల మీద సుద్దతోటి గీత గీసి, "ఇది దాటకు. ఊపిరి పట్టు. తల మీద చెయ్యి పడంగనే నొక్కు" అని చెప్పి ఆయన వంటలకు అడ్డం కట్టిన తెర అవతలికి పోయిండు. నేను కెమెరా మెడల ఏసుకొని నిలబడ్డ. అందరు నన్నే చూస్తాన్రు. గడియ దగ్గరికొచ్చేసరికి ముంగటి కుర్చీల కూసున్న ఆండాళమ్మ లేచింది. కట్టె పట్టుకొని టకటక నడుసుకుంట తెర అవతలికి పోయింది. అక్కడ మా ఆయన పక్కన బియ్యం బస్తా మీద కూసున్నదట. "ఈడికెల్లి నాకు మంచిగ కనపడుతది రాజం, నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నదట.

మేళాలు మోగినయి. నేను నొక్కిన. తర్వాత అక్షింతలకు పెద్దామె ఏదని వెతికిన్రు. సేటు పోయి పిలిస్తే, "ఇద్దరం ఒక్కతీరు కండ్లోళ్లం. పిలిస్తే ఇద్దర్ని పిలువు" అన్నదట. జరసేపటికి సరస్వతమ్మనే కొంగు సర్దుకుంట తెర అవతలికి పోయింది. ఏమన్నదో నాకు ఇనపడలే. ముసలామె, ఆమె ఎన్క మా ఆయన పందిట్లకు వచ్చిన్రు. ఆయన నా మెడల నుంచి కెమెరా తీసుకొని పని మొదలుపెట్టిండు, ఏం కానట్టే.

నేను తీసిన ఫోటోల పెండ్లిపిల్లగాని తలపాగ సగం తెగింది. అయినా డబ్బల పెడితే నిర్మల చెయ్యి మన మొఖం దాకా వస్తది. జీలకర్ర గింజలు సుత కనపడుతయి.

మాట బజార్ల పాకింది. కొందరు సేట్లు ఆ తర్వాత మమ్ములను లగ్గాలకు పిలువలే. కొందరు పిలిచిన్రు, గడియకు నేను నిలబడాలని చెప్పి. సుబేదారి దిక్కు ఆఫీసుల ఫోటోలు, పెన్షన్ ముసలోళ్లు ఎప్పటిలెక్కనే వచ్చిన్రు. ఆయన మాత్రం చాయ పోసేటప్పుడు గ్లాసుకు ఎందుకు ఆనిస్తవని ఎవ్వలన్న అడిగితే దాచకుంట చెప్పుడు నేర్చుకున్నడు.

కెమెరా బొంబాయికి తిరిగిపోయింది, నా పెండ్లి రైకను కడుపుల పెట్టుకొని. ఆండాళమ్మకు దవాఖానల పువ్వు తీసిన్రు. దళసరి అద్దాలు పెట్టుకొని రిక్షాల మా ఇంటికి వచ్చి, తన ఎంట తెచ్చిన డబ్బల బిందె ఫోటో పెట్టుకొని చూసింది. "అవ్వా! లేచింది బిడ్డా!" అని చప్పట్లు కొట్టింది. మళ్ల వెంటనే మా ఆయన మొఖం చూసి ఊకున్నది. పోయేటప్పుడు, "ఇది మీ దగ్గర్నే ఉండనియ్యి" అని డబ్బ ఇడిసిపెట్టి పోయింది.

వాకిట్ల నేను తీసిన, ఆయన నవ్విన ఫోటో అండ్ల పెట్టి నాకు ఇచ్చేటోడు, పని లేనప్పుడు. "ముంగట ఏమున్నది?" అనేటోడు.

"నువ్వు."

"ఎన్క?"

"గోడ."

"నడుమ?"

"నడుమ ఏం లేదు. జాగ ఉన్నది. చెయ్యి పెట్టొచ్చు."

"చెయ్యి పెట్టొచ్చా?" అని ఆశ్చర్యపోయేటోడు, ప్రతిసారి, కొత్తగ ఇన్నట్టు. ఆ జాగ ఆయన జల్మల చూడలే. నేను చెప్తే నమ్మిండు.

పోయిన ఎండకాలం జ్వరమొచ్చి ఆయన పోయిండు. దినాలనాడు పెద్దఫోటో కట్టించి గోడకు పెట్టిన్రు, దండేసిన్రు. అందరు దానికి మొక్కుతరు. నాకు అది కాయిదం లెక్కనే ఉంటది. పొద్దటి పని అయినంక వాకిట్ల వెలుగుకు కూసొని డబ్బ కండ్లకు పెట్టుకుంట. జరసేపు రెండు బొమ్మలుంటయి. తర్వాత ఒక్కటైతయి. లుంగీ సర్దుకుంట, నవ్వుకుంట, గోడకు ఇవతల నిలబడుతడు. పక్కన అడిగేటోళ్లు లేరు. అయినా మెల్లగ చెప్త.

ముంగట నువ్వున్నవు. ఎన్క గోడ ఉన్నది. నడుమ జాగ ఉన్నది.